అట్టబాబు విశాఖపట్నం వచ్చాడు, ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండలో మీ స్నేహితురాలి పాప మూడో తరగతి చదువుతోంది. వాళ్ల టీచరు పిల్లలందరి చేత తలా ఒక అట్టబొమ్మ చేయించి, వేరే ఊళ్లో తెలిసినవాళ్లకు పోస్టులో పంపమన్నారు. పాప తన బొమ్మకి అట్టబాబు అని పేరు పెట్టి మీకు పంపింది. మూడు వారాల్లో దానికి విశాఖ చూపించి, ఫొటోలు తీసి, చేత్తో ఒక ఉత్తరం రాసి, అన్నీ కలిపి తిరిగి పోస్టు చేయాలి. మీకేమో ఆదివారం తప్ప సెలవు లేదు. బొమ్మ వచ్చి ఐదు రోజులైనా ఇంకా కవరులోనే ఉంది. ఎక్కడికి తీసుకెళ్లాలో, ఏం రాయాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశారు.

నేను తపాలా శాఖలో 33 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం విశాఖలోనే, కొంత కౌంటర్లో, కొంత సార్టింగులో గడిచింది. ఆ పని తెలిసినదాన్ని కాబట్టి బంధువుల పిల్లలు, మా వీధి పిల్లల చుట్టాలు ఇలాంటి బొమ్మల్ని మా ఇంటికే పంపుతుంటారు. ఇప్పటికి ఏడెనిమిది వచ్చి వెళ్లాయి. ఇలా బొమ్మల్ని ఊళ్లకు పంపే పద్ధతిని 1995లో కెనడాలో మూడో తరగతికి పాఠాలు చెప్పే ఒక టీచరు మొదలుపెట్టారు. పిల్లల చేత ఉత్తరాలు రాయించడానికి ఆయన పెట్టిన ఏర్పాటు అది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఊరు చూపించడం గురించి బెంగ పడుతున్నారు. ఈ ప్రాజెక్టుకి అసలు ప్రాణం ఉత్తరం.

అందుకని మొట్టమొదటి పని, ఈ రాత్రే పాపకి ఒక పోస్టుకార్డు రాయండి. ఆదివారం దాకా ఆగకండి. అట్టబాబు క్షేమంగా చేరాడని మూడు ముక్కలు రాస్తే చాలు. పాప బొమ్మని పోస్టు డబ్బాలో వేసిన రోజు నుంచి వాడు చేరాడా, దారిలో తప్పిపోయాడా అని అడుగుతూనే ఉంటుంది. మీరు వాళ్లమ్మకి వాట్సాప్‌లో చేరిందని చెప్పే ఉంటారు. అది అమ్మకి అందిన కబురు. పాప పేరు మీద, పాప చిరునామాకి, పోస్టుమ్యాన్ తెచ్చి పాప చేతిలో పెట్టే కబురు వేరు. నేను కౌంటర్లో ఉన్నప్పుడు ఉత్తరాల కోసం వచ్చి అడిగే పెద్దల్ని వందలమందిని చూశాను. తన పేరున ఉత్తరం వచ్చిన పిల్లల్ని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ కాలం పిల్లలకి అది పుట్టాక మొదటి ఉత్తరం కావచ్చు.

పోస్టుకార్డు ధర ఇప్పటికీ 50 పైసలే. ఒకేసారి పది కొనుక్కోండి. కార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. స్టాంపు ముద్ర ఉన్న వైపు కుడి సగంలో చిరునామా రాయాలి, ఎడమ సగంలో మీ మాటలు రాసుకోవచ్చు, వెనకవైపు మొత్తం మీదే. మన దేశంలో పోస్టుకార్డు మొదలైంది 1879 జులై 1న, అప్పటి ధర కాలణా, అంటే అణాలో పావు వంతు. పాపకి రాసే కార్డుల్లో ఏదో ఒకదాంట్లో ఈ ముక్క కూడా పెట్టండి. కాలణా అంటే ఏమిటని వాళ్ల తాతయ్యనో అమ్మమ్మనో అడుగుతుంది. ఆ అడగడం కూడా ప్రాజెక్టులో భాగమే.

నా పద్ధతి ఇదీ. బొమ్మ ఉన్న మూడు వారాల్లో నాలుగు కార్డులు వేస్తాను. చేరాడని ఒకటి, మధ్యలో రెండు, బయల్దేరుతున్నాడని చివరిది. బొమ్మతో పాటు వెళ్లే పెద్ద ఉత్తరం దీనికి అదనం. అన్నీ చివర్లో ఒకే కవరులో కుక్కి పంపేవాళ్లు ఎక్కువ. ఫొటోలు ఎన్నున్నా, పాపకి ఎదురుచూసే రోజు ఒక్కటే మిగులుతుంది అలా పంపితే. నాలుగు కార్డులు వేస్తే నాలుగుసార్లు గుమ్మంలోకి పరుగెత్తుతుంది, నాలుగుసార్లు క్లాసులో చదివి వినిపిస్తుంది.

ఇక ఏం రాయాలి అన్నదానికి వద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మొన్నామధ్య ఒకావిడ రాసిన ఉత్తరం చూశాను. విశాఖపట్నం తూర్పు తీరంలోని ప్రముఖ నగరం, ఇక్కడ ఉక్కు కర్మాగారం కలదు, నౌకాశ్రయం కలదు అని మొదలైంది. అది పాఠ్యపుస్తకం. పాప దగ్గర అలాంటి పుస్తకం ఇప్పటికే ఉంది. బొమ్మ మాట్లాడుతున్నట్టు రాయండి. అట్టబాబు పాప చేతిలో పుట్టాడు, వాడి కళ్లు పాప గీసినవి. వాడు జానెడు ఎత్తులో నిలబడి ఏం చూస్తాడో అదే రాయాలి. జానెడు బొమ్మకి కనిపించేది ఇసుకలో పీత కాలి గుర్తు, మరమరాలమ్మే మూరీ బండి చక్రం, వల కన్నం, మీ ఆఫీసు బల్ల మీద టీ గ్లాసు. అవి రాస్తే పాప వెంటనే పట్టుకుంటుంది.

ఇంకో సంగతి, పాప ఏ మీడియం అన్నది మీరు చెప్పలేదు. ఇంగ్లిష్ మీడియం అయితే తెలుగు తడుముకుంటూ చదువుతుంది. అయినా తెలుగులోనే రాయండి. అక్షరాలు పెద్దవిగా, ఒక్కొక్కటీ విడిగా, మాటకీ మాటకీ మధ్య కాస్త చోటు వదిలి రాయండి. గొలుసుకట్టు రాత వద్దు. వాక్యం ఐదారు మాటలు దాటకుండా చూసుకోండి. కార్డు మొత్తం పాప తనంతట తాను చదవగలగాలి. అమ్మ చదివి పెట్టాల్సి వస్తే ఉత్తరం సగం అమ్మదైపోతుంది. నేను ఒక పాపకి రాసిన కార్డు నమూనాగా ఇస్తున్నాను, బొమ్మ పేరు మాత్రం మీవాడిది పెట్టాను:

“నేను అట్టబాబుని. నిన్న సాయంత్రం సముద్రం చూశాను. చాలా పెద్ద చప్పుడు చేస్తుంది. అస్సలు ఆగదు, రాత్రి కూడా నిద్రపోదు. ఒక కెరటం నా దాకా వచ్చింది. అత్త నన్ను గభాల్న పైకి ఎత్తేసింది. ఇక్కడ మరమరాల్ని మూరీ అంటారు. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపారు. పొట్లం కట్టి ఇచ్చారు. నేను తినలేదు. నా నోరు నువ్వు మూసి గీశావు కదా! మీ ఊళ్లో మరమరాల్ని ఏమంటారు? కార్డు రాయి.”

చివర్లో ఆ ప్రశ్న ఉంది చూడండి. ప్రతి కార్డులో ఒక ప్రశ్న పెట్టండి, పాప జవాబు చెప్పగలిగినదై ఉండాలి. మాటల తేడాలు అడిగితే ఇంకా బావుంటుంది. విశాఖ మాటకీ హనుమకొండ మాటకీ మధ్య ఉన్నంత సరదా ఇంకెక్కడా దొరకదు. ఇక్కడ ఏటి అంటాం, సూడు అంటాం, అక్కడ గిట్ల, గట్ల అంటారు. అట్టబాబు మూడు వారాలు ఇక్కడ ఉన్నాడు కాబట్టి తిరిగి వెళ్లేటప్పటికి వాడికి ఇక్కడి యాస రావాలి. చివరి ఉత్తరంలో వాడి చేత “ఏటి సంగతులు?” అని పలకరింపు చేయించండి.

ఊరు చూపించే విషయానికి వస్తే, మూడు చోట్లకి మించి పెట్టుకోకండి. మీకు మూడు ఆదివారాలున్నాయి. ఒక్కో ఆదివారం ఒక్క చోటు. కైలాసగిరి, సింహాచలం, జూ, అరకు, బొర్రా గుహలు అన్నీ ఒకే వారంలో తిప్పేస్తే ఫొటోలు మిగులుతాయి, రాయడానికి ఏమీ మిగలదు.

నన్నడిగితే మొదటిది ఫిషింగ్ హార్బర్. తెల్లవారుజామునే వెళ్లాలి. బోట్లు వచ్చి చేపలు దించుతూ, వేలం పాడుతూ ఉంటారు. వంజరం, చందువా, కానాగంతలు రాశులు పోసి ఉంటాయి. హనుమకొండ పాప చెరువు చేపలు చూసి ఉంటుంది, వాటి పేర్లు బొచ్చె, రవ్వ. సముద్రం చేపల పేర్లే వేరని అట్టబాబు రాయాలి. ఒకసారి నేను ఇలాగే ఒక బొమ్మని పట్టుకుని అక్కడ నిలబడితే చేపలమ్మే ఒకామె “ఏటమ్మా అది, బొమ్మా? దానికి కూడా సూపిస్తన్నావేటి?” అని దగ్గరకొచ్చింది. సంగతి చెప్పాను. తన బుట్టలోంచి ఒక పెద్ద చందువా తీసి బొమ్మ పక్కన పెట్టింది, చేప బొమ్మకంటే పొడవు. “ఆ పాపకి చెప్పండి, ఇది నా చెయ్యి” అని తన చెయ్యి కూడా ఫొటోలో పెట్టింది. ముఖం వద్దంది, తీయలేదు. ఆ ఫొటోనే ఆ క్లాసులో గోడకి అంటించారట. మనుషుల్ని ఫొటో తీసేముందు అడగండి, ఎందుకో చెప్పండి. చెబితే చాలామంది తమకు తోచిన సాయం కూడా చేస్తారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. మనది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు. నేవీ ప్రాంతాలు, పోర్టు లోపలి భాగం, షిప్‌యార్డు, ఎయిర్‌పోర్టులో నేవీ వైపు, ఇవి ఫొటోలు తీయకూడని చోట్లు. బోర్డు ఉన్నచోట ఫోను బయటికి తీయకండి. బొమ్మ కోసమే కదా అంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. హార్బర్లో చేపల వైపు తిరిగి తీయండి, వెనకాల యుద్ధనౌకలు పడకుండా చూసుకోండి.

ఓడలు, జలాంతర్గాములు చూపించాలని ఉంటే దానికి తగిన చోటు ఆర్కే బీచ్‌లోని కురుసుర. రెండో ఆదివారం అక్కడికి. ఐఎన్ఎస్ కురుసుర 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న విరమించింది, 2002లో మ్యూజియంగా తెరిచారు. పొడవు సుమారు 91 మీటర్లు. ఈ అంకెల్లో పాపకి పనికొచ్చేది 31 ఏళ్లు. జలాంతర్గామి కూడా మా తాతయ్యలాగే ఉద్యోగం చేసి రిటైరైంది అని అట్టబాబు రాస్తే సరిపోతుంది. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, పెద్దవాళ్లకి కష్టం. అట్టబాబు పల్చనివాడు కాబట్టి సులువుగా దూరిపోతాడు. ఇలాంటి చోట బొమ్మ గొప్ప, మనిషి తక్కువ. పిల్లలకి అది చాలా ఇష్టం. లోపల కిటికీలు లేవు, మంచాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఇవి రాయండి. వెళ్లేముందు ఏ రోజు సెలవో, ఎన్ని గంటలకి తెరుస్తారో, లోపల ఫొటోకి అనుమతి ఏమిటో కనుక్కోండి. ఎదురుగానే నౌకాదళం వాడిన టీయూ-142 విమానం ఉంది, ఓపిక ఉంటే అదీ చూపించండి. బీచ్ నుంచే దక్షిణంగా డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది, సముద్రంలోకి ముక్కు చాచినట్టు. పాప చేత ఆ కొండ బొమ్మ గీయించాలని ఉంటే ఒక ఫొటో తీసి పెట్టండి, గీసి పంపమని అడగండి.

ఫొటో కోసం నీళ్లలోకి మాత్రం దిగకండి. ఆర్కే బీచ్‌లో కెరటం వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకతో సహా లాగేస్తుంది. ఏటా మనుషులు పోతున్న చోటది. బొమ్మని తడి ఇసుకలో గుచ్చి దూరం నుంచి తీస్తే చాలు.

మూడో చోటు గురించి నా మనసులో ఎప్పుడూ ఒకటే ఉంటుంది, ఏటికొప్పాక బొమ్మ. ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో, యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉంది. వెళ్లగలిగితే వెళ్లండి, అంకుడు కర్రని మర మీద తిప్పుతూ లక్క రంగు అద్దడం చూడొచ్చు. రంగులు చెట్ల నుంచి తీసినవి. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. వెళ్లలేకపోతే విశాఖలోనే లేపాక్షి షాపులో ఒక చిన్న బొంగరమో, బొమ్మో కొనండి. అట్టబాబుకి ఒక కర్రబాబు స్నేహితుడయ్యాడని కథ అల్లండి. ఇద్దర్నీ పక్కపక్కన కిటికీలో కూర్చోబెట్టి ఫొటో తీయండి. అట్ట ఎక్కడిది, కర్ర ఎక్కడిది, రంగు ఎక్కడిది అని ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు, బొమ్మతో పాటు పంపడానికి ఒక చిన్న డైరీ పెట్టుకుని అందులో ఒక పేజీ రాయండి. ఒకసారి నేను ఇలా రాసిన పేజీ చూసి ఒక టీచరు క్లాసు మొత్తానికి బొమ్మలు ఏ చెట్టుతో చేస్తారన్న పాఠం పెట్టుకున్నారు. ఆ పిల్లల ఊరికి నిర్మల్ బొమ్మలు దగ్గర, అక్కడ పొనికి కర్ర వాడతారు. పిల్లలే పోల్చి చూసుకున్నారు.

ఎర్రమట్టి దిబ్బలు కూడా బాగానే ఉంటాయి, భీమిలి దారిలో. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అట్టబాబు ఎర్ర ఇసుక గోడల మధ్య నిలబడితే ఫొటో చక్కగా వస్తుంది. కానీ అక్కడి మట్టి గుప్పెడు కూడా తీసుకురాకండి, పొట్లం కట్టి పాపకి పంపకండి. గవ్వలూ అంతే. కొన్ని జాతుల గవ్వల మీద వన్యప్రాణి చట్టం ఉంది, ఏది ఏదో మనకి తెలియదు. దీనికి నేను వెతుక్కున్న దారి ఒకటుంది. గవ్వ మీద పల్చటి కాగితం పెట్టి, మైనపు రంగు పెన్సిలుని అడ్డంగా పెట్టి రుద్దితే గీతలన్నీ కాగితం మీదికి వస్తాయి. గవ్వ బీచ్‌లోనే ఉంటుంది, దాని అచ్చు పాపకి వెళ్తుంది. బరువు కూడా ఉండదు. రావి ఆకు, వల ముడి, పోస్టు డబ్బా మీది అక్షరాలు, అన్నిటికీ ఇలాగే చేయొచ్చు.

పోస్టు డబ్బా అంటే గుర్తొచ్చింది. సెలవు దొరకని రోజుల్లో మీరు చేయగలిగిన మంచి పని మరొకటి ఉంది. మీ వీధికి వచ్చే పోస్టుమ్యాన్ని, లేదా పోస్టుఉమన్‌ని ఆపి, రెండు నిమిషాలు మాట్లాడండి. అట్టబాబుని మీ ఇంటికి తెచ్చింది వాళ్లే. రోజుకి ఎంత దూరం తిరుగుతారు, ఏ ఇంట్లో కుక్క ఉంది, వానొస్తే ఉత్తరాలు ఎలా దాస్తారు అని అడిగి రాసుకోండి. ఒప్పుకుంటే వాళ్ల సంచిలోంచి అట్టబాబు తొంగి చూస్తున్నట్టు ఫొటో తీయండి. ప్రాజెక్టు పేరే తపాలా ప్రాజెక్టు. అయినా తపాలా మనిషి ఫొటో పెట్టినవాళ్లని నేను ఇద్దర్నే చూశాను.

పాపకి దారి కూడా చూపించండి. అట్టబాబు ప్రయాణించిన దూరం సుమారు 550 కిలోమీటర్లు. ఒక తెల్లకాగితం మీద గీత గీసి విశాఖ, తుని, సామర్లకోట, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, ఖమ్మం, వరంగల్ అని చుక్కలు పెట్టండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ వెళ్లే దారి ఇదే. రాజమండ్రి దగ్గర గోదావరినీ, విజయవాడ దగ్గర కృష్ణనీ నీలం రంగుతో వేయమని పాపకే వదిలేయండి.

పిన్ కోడ్ మీద ఒక కార్డు రాయమని కూడా నా సలహా. 1972 ఆగస్టు 15న మొదలైంది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే తపాలా శాఖ అధికారి రూపొందించారు, ఆయన సంస్కృత కవి కూడా. ఒకే పేరుతో ఊళ్లు, ఒక్కొక్కరిది ఒక్కో భాష, అర్థంకాని చేతిరాత, వీటన్నిటి మధ్య ఉత్తరం దారి తప్పకూడదని పెట్టిన అంకెలవి. హనుమకొండ 506తో మొదలవుతుంది, విశాఖ 530తో. రెండింటికీ మొదటి అంకె 5, అంటే ఒకే పెద్ద ప్రాంతం. రెండో అంకె దగ్గర విడిపోతాయి. తెలంగాణకి 50, మన కోస్తా జిల్లాలకి 52, 53. మొదటి మూడు అంకెలు చూసి ఏ జిల్లా సంచిలో వేయాలో తెలుసుకుంటాం, చివరి మూడు చూసి ఏ పోస్టాఫీసుకో తెలుసుకుంటాం. సార్టింగులో ఎన్నో ఏళ్లు రాత్రిళ్లు నా చేతులు చేసిన పని ఇదే. పాప క్లాసులో అందరి బొమ్మలూ వెళ్లిన ఊళ్ల పిన్ కోడ్‌లు బోర్డు మీద రాసి, మొదటి అంకెని బట్టి గుంపులు చేస్తే దేశపటం దానంతటదే కనిపిస్తుంది. టీచరుకి ఈ ముక్క చేరేలా చూడండి.

ఇక బొమ్మ ఆరోగ్యం. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, ఉప్పు ఎక్కువ. అట్ట రెండు రోజుల్లో వంకర తిరుగుతుంది, స్కెచ్ పెన్ను రంగు చెమట చేతికి అంటుకుంటుంది. మీరు లామినేషన్ చేయించాలనుకుంటారు. చేయించకండి, పాపని అడగకుండా అసలు వద్దు. ఒకసారి నేను మంచిదే కదా అని చేయించాను. వేడికి మైనపు రంగు కరిగి బొమ్మ ముఖం మీద మరక పడింది. ఆ బొమ్మని పంపిన పిల్లవాడు ఏమీ అనలేదు, కానీ కొత్త బొమ్మ చేసుకున్నాడని వాళ్లమ్మ చెప్పింది. ఇప్పటికీ నాకు బాధే. అప్పటి నుంచి బయటికి తీసుకెళ్లేటప్పుడు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరులో పెడతాను, ఇంట్లో బరువైన పుస్తకం మధ్యన ఉంచుతాను. బొమ్మ రాగానే ముందూ వెనకా ఫొటో తీసి పెట్టుకోండి. పొరపాటున పోతే అలాంటిదే ప్రింటు తీసి పంపి, నిజం చెప్పొచ్చు. పోతే పోయిందని పాపకి చెప్పాలి, మరో బొమ్మని అదే అని నమ్మించకూడదు. తను గీసిన గీత తనకి తెలుసు.

ఫొటోల సంగతి ఒక్క మాట. ఫేస్‌బుక్‌లోనో, ఇన్‌స్టాలోనో పెట్టేటప్పుడు పాప పేరు, బడి పేరు, కవరు మీది చిరునామా కనపడనీయకండి. వాళ్లమ్మని అడగకుండా అసలు పెట్టకండి. ప్రింట్లు ఆరు చాలు. ప్రతి ప్రింటు వెనక తేదీ, చోటు పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందు వైపు గీతలు పడతాయి.

తిరిగి పంపడం. మామూలు ఉత్తరానికి మొదటి 20 గ్రాములకి 5 రూపాయల స్టాంపు. మనం రాసుకునే ఎ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు, అంటే నాలుగు కాగితాలకే 20 గ్రాములు నిండిపోతాయి. అట్టబొమ్మ, ఆరు ప్రింట్లు, డైరీ, కవరు కలిస్తే అంతకి చాలా ఎక్కువే అవుతుంది. ఇంట్లో అంచనా వేసి స్టాంపులు అంటించి డబ్బాలో వేయకండి. స్టాంపు తక్కువైతే ఎంత తక్కువో దానికి రెట్టింపు అవతలివాళ్ల దగ్గర వసూలు చేస్తారు. ఉత్తరం అందుకునే రోజు పాప ఇంట్లో చిల్లర వెతుక్కోవడం ఎందుకు?

కార్డులు మామూలుగా డబ్బాలో వేయండి, బొమ్మని మాత్రం స్పీడ్ పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి కౌంటర్లో వేరే ఫారం అడగనక్కర్లేదు. హనుమకొండ దాకా 250 గ్రాముల లోపు కవరుకి పన్నుతో కలిపి వంద రూపాయల లోపే అవుతుంది. పాప తన చేత్తో మళ్లీ ఎవరికైనా స్పీడ్ పోస్టు చేసేటప్పుడు విద్యార్థులకి ఇచ్చే 10 శాతం తగ్గింపు గురించి అడగమనండి. రశీదు మీద 13 అక్షరాలూ అంకెలూ ఉన్న నంబరు ఉంటుంది, చివర ఐఎన్ అని వస్తుంది. దాన్ని ఫొటో తీసి వాళ్లమ్మకి పంపండి. అట్టబాబు ఇప్పుడు విజయవాడలో ఉన్నాడు, ఇప్పుడు వరంగల్ చేరాడు అని పాప రోజూ చూసుకుంటుంది.

గడువుకి సరిగ్గా ముందు రోజు చేరేలా లెక్క వేయకండి. మూడో ఆదివారం అయిన వెంటనే బయల్దేరదీయండి. వానలు, సెలవులు, పండగలు ఉంటాయి. క్లాసులో అందరి బొమ్మలూ వచ్చి ఒక్క అట్టబాబు రాకపోతే ఆ రోజు పాపకి చాలా పొడుగ్గా ఉంటుంది.

ప్యాకింగులో గట్టి అట్ట రెండు ముక్కలు తీసుకుని మధ్యలో బొమ్మని, ప్రింట్లని పెట్టి, దారంతో కట్టి కవరులో పెట్టండి. కీచెయిన్లు, నాణేలు, గాజులు వద్దు. ఒకసారి నేను పల్చటి కవరులో ఇత్తడి గంట పెట్టి పంపాను. తపాలా పని తెలిసి కూడా చేసిన తప్పు అది. దారిలో కవరు అంచు చిరిగి గంట పోయింది, ఉత్తరం చివర నలిగింది. కర్రబాబుని కూడా పంపాలనుకుంటే బొమ్మతో కలపకండి, చిన్న అట్టపెట్టెలో విడిగా పంపండి. తినేవి కూడా ఈ కవరులో వద్దు. మాడుగుల హల్వా పెట్టాలని నాకూ ఉంటుంది, నెయ్యి కాగితాల్లోకి దిగుతుంది. అది మీరు హనుమకొండ వెళ్లినప్పుడు చేత్తో ఇవ్వండి.

స్టాంపులు కొనేటప్పుడు హెడ్ పోస్టాఫీసులో స్టాంపులు సేకరించేవాళ్ల కోసం ఉండే ఫిలాటెలీ కౌంటర్లో ఏం ఉన్నాయో చూపించమని అడగండి. 2022లో మన ఊళ్లో రాష్ట్రపతి నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు ప్రత్యేక స్టాంపు విడుదల చేశారు. అల్లూరి సీతారామరాజు మీద 1986లో వచ్చిన స్టాంపు కౌంటర్లో దొరక్కపోవచ్చు, సేకరించేవాళ్ల దగ్గర మాత్రం ఉంటుంది. మీరు పంపే డైరీలో ఒక పేజీకి ఒక స్టాంపు అంటిస్తే చాలు. ముద్ర వేసే దగ్గర ఉన్నవాళ్లకి బొమ్మ సంగతి చెప్పి, డైరీ పేజీ మీది స్టాంపుకి చేత్తో తేదీ ముద్ర వేయమని అడగండి. రద్దీ లేని వేళ, మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్లండి. ముద్రలో విశాఖపట్నం అన్న పేరు, తేదీ స్పష్టంగా పడితే అట్టబాబు ఇక్కడికి వచ్చాడనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఒకటి మర్చిపోకండి. ఆ కవరులో ఖాళీ పోస్టుకార్డు ఒకటి పెట్టండి, పాప మీకు జవాబు రాయడానికి. చిరునామా వైపు మీ పేరు, ఇంటి నంబరు, వీధి, పిన్ కోడ్ మీరే ముందుగా రాసి పెట్టండి. పిల్లలు పిన్ కోడ్‌లో ఒక అంకె వదిలేస్తుంటారు, ఆ కార్డులు ఊళ్లు తిరిగి రావడానికి నెల పడుతుంది.